బావ బిగించిన యాంప్లిఫయర్

వెయ్యివాట్ల బావ గొంతు సవరించుకున్నాడంటే టీకొట్టు పిన్ని స్టవ్ మంట తగ్గించేస్తుంది. ఆయన కథ మొదలెట్టాక అది ఒడ్డుకు చేరేదాకా ఎవరూ ఇంకో టీ అడగరని ఆవిడకి అనుభవం. కార్లలో పాటల సెట్లు, స్పీకర్లు బిగించడం ఆయన పని. చేతిలో పనితనం ఉన్న మాట నిజమే గానీ, చెయ్యి ఒక మూర పనిచేస్తే నోరు పది బారలు పోతుంది. అరచేతిలో పట్టే స్పీకరు బిగించి వచ్చినా వెయ్యి వాట్లనే చెబుతాడు గనక, వీధిలో ఆయన అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది.

ఆ సాయంత్రం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది సొంత బామ్మర్దే. ట్యాక్సీ నడుపుకుంటాడు. దూరప్రయాణాలకి వచ్చేవాళ్లు కారులో పాటలు బాగుంటే మళ్లీ తననే పిలుస్తారని ఆశపడి, యాంప్లిఫయరు, స్పీకరు పెట్టె కొని బావ చేతిలో పెట్టాడు. నిన్న సాయంత్రం బావ వాటిని బిగించి ఇచ్చాడు. ఇవాళ పొద్దుటినుంచీ కారు ఒంట్లో బాగాలేని మనిషిలా ఉంది. పాట పెట్టకపోయినా స్పీకర్లలోంచి సన్నటి కూత. యాక్సిలరేటరు తొక్కితే ఆ కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పాట పెడితే డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు కళ్లార్పుతున్నాయి.

కారు ఇప్పుడు అతని దగ్గర లేదు. అమ్మకి ఈమధ్యే ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు మార్పించాలని అక్క ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కంటే బావ భార్యే. బస్సులో వెళ్తానని ఇంట్లో చెప్పి బయల్దేరిన అక్కకి దారిలో ఎదురుపడి కారు తాళాలు చేతిలో పెట్టింది అతనే. కారు నేర్చుకున్నది కూడా ఆవిడ అతని దగ్గరే. "ఏదో కూతొస్తుందిలే, పట్టించుకోకు, కొత్త సెట్టు కదా" అని కూడా చెప్పి పంపాడు. బావకి ఆ సంగతి ఇంకా తెలియదు.

అతను కొట్టు దగ్గరికొచ్చేసరికి బావ బల్ల మీద ఒక కాలు మడిచి కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల సంచి నోరు తెరుచుకుని ఉంది. ఎదురుగా టైలర్ మాస్టారు మెళ్లో టేపుతోనే ఒక చొక్కాకి గుండీలు కుడుతున్నాడు.

"బావా, ఓసారి పక్కకొస్తావా, కారు సంగతి."

"నేను చెప్పేదీ కారు సంగతే. కూర్చో. పిన్నీ, మావాడికో టీ. ఆ, ఎక్కడున్నాను మాస్టారూ?"

"ఇంకా ఎక్కడా లేవు" అన్నాడు టైలర్ దారం కొరికి.

"సరే, వినండి మరి. నాకింకా మీసం కూడా కుదురుగా రాని రోజులు. ఒక కాంట్రాక్టరు ఉండేవాడు, ఆయనకో నల్ల కారు, దాని తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నిగనిగ. అందులో యాంప్లిఫయరు పెట్టించుకున్నాడు, పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే కూత. ఊళ్లో ఎలక్ట్రీషియన్లంతా చూశారు. ఒకడు స్పీకర్లు మార్చమన్నాడు, ఒకడు సెట్టు మార్చమన్నాడు, ఒకడైతే కారే మార్చమన్నాడు. చివరికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేనేం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు. వెళ్లి బానెట్టుకి చెవి ఆనించాను."

"బానెట్టుకి చెవి ఆనిస్తే ఏం వినబడుతుంది, ఇంజను తప్ప?"

"వినేవాడికి వినబడుతుంది మాస్టారూ. యాంప్లిఫయరు నుంచి నల్ల వైరొకటి తీసి కారు బాడీకి బోల్టుతో బిగిస్తారు, దాన్ని గ్రౌండంటారు. వెళ్లిన కరెంటు తిరిగి ఇల్లు చేరే దారి అదే. ఆ బోల్టు కింద పెయింటు గీకలేదు ఎవడూ. ఇంటికి పోదామంటే తలుపు వేసుంది, ఏం చేస్తుంది, వీధిలో నిలబడి ఏడుస్తోంది. ఆ ఏడుపే మీకు కూతలా వినబడేది. గోరుతో పెయింటు గీకాను, బోల్టు బిగించాను, కూత లేదు, గీత లేదు."

గోరు సంగతి అటుంచితే అంతవరకూ నిజమే అయ్యుండొచ్చనిపించింది బామ్మర్దికి. కొంచెం ధైర్యం కూడా వచ్చింది. "నా కారులోనూ కూతుంది బావా" అన్నాడు.

"గ్రౌండే. రేపు గీకేద్దాం. విను, అసలు కథ ఇప్పుడే మొదలు."

పిన్ని టీ తెచ్చి అతని ముందు పెట్టింది. అతను గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"కూత పోయింది కదా, కాంట్రాక్టరు ఇంటికి పోవాలా లేదా? పోలేదు. నా ఛాతీ అదరాలి అన్నాడు. అదరాలంటే చిన్న యాంప్లిఫయరు చాలదు, పెద్దది పెట్టాను. పెడితే ఏమైంది, డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకేస్తున్నాయి. ఎందుకు? బ్యాటరీకి ఆయాసం. ఇంకో బ్యాటరీ పెట్టాను. చాల్లేదు. లారీ బ్యాటరీ పెట్టాను. అదీ చాల్లేదు. వెనక సీటు పీకి అక్కడ రెండు వరసలు పేర్చాను, ముందు సీటు పీకి అక్కడో వరస."

"మరి ఆ కాంట్రాక్టరు ఎక్కడ కూర్చున్నాడు బాబూ?" అంది పిన్ని.

"ఆయన కారు పక్కన నడిచాడు పిన్నీ. ఏం, పాట బయటికి వినబడదా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు లైట్లు ఇప్పుడు స్థిరంగా ఉన్నాయి, వీధిలో దీపాలు మసకేస్తున్నాయి. డుమ్మంటే ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అన్నీ ఒకేసారి కళ్లు మూసుకుని తెరుస్తున్నాయి."

టైలర్ సూది ఆపాడు. "ఆ దీపాలకీ నీ కారుకీ మధ్య వైరు లేదు కదయ్యా."

"లేదు. అది వైరు వల్ల కాదు మాస్టారూ, భయం వల్ల."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బామ్మర్దికి మాత్రం నవ్వు రాలేదు. హెడ్‌లైట్ల మాట వినగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పొద్దున కారు తీసినప్పుడు డాష్‌బోర్డు కింద, తన మోకాళ్ల దగ్గర్నుంచి, సన్నగా ఏదో వాసన. ప్లాస్టిక్ వేడెక్కినట్టు. కొత్త సామాను కదా, రెండ్రోజుల్లో పోతుందిలే అనుకుని అద్దాలు దించుకున్నాడు. అక్కకి తాళాలిచ్చేటప్పుడు కూత గురించి చెప్పాడు గానీ వాసన గురించి చెప్పనే లేదు.

"బావా, కొత్త వైరు అన్నాక వాసన రావడం మామూలేనా?"

"వాసన సంగతికే వస్తున్నా" అన్నాడు బావ. మంచి ఊపులో ఉన్నాడు. "ముందు ఫ్యూజు. పిన్నీ, ఫ్యూజంటే తెలుసా నీకు?"

"ఇంట్లో కరెంటు పోయినప్పుడు పోయేదేగా."

"అదే. కారులోనూ ఉంటుంది. బ్యాటరీ నుంచి డిక్కీలో ఉన్న యాంప్లిఫయరుదాకా ఎర్ర వైరు లాగుతాం, వేలంత లావుది. దాని మొదట్లోనే, బ్యాటరీని ఆనుకుని, ఫ్యూజు పెడతారు. దారిలో ఎక్కడైనా ఆ వైరు ఒరుసుకుని రేకుకి తగిలిందనుకో, కరెంటంతా ఒక్కసారి ఎగబడుతుంది. అప్పుడు ఫ్యూజు తాను కాలిపోయి వైరుని కాలకుండా కాపాడుతుంది. అది పుస్తకాలు రాసేవాళ్ల మాట. ఇక్కడ కాంట్రాక్టరు కారులో ఏమవుతోంది? పెట్టిన ఫ్యూజు పెట్టినట్టే పోతోంది. లావుది పెట్టాను, పోయింది. దానికంటే లావుది పెట్టాను, అదీ పోయింది. విసుగెత్తి ఏం చేశానో తెలుసా? పీకి అవతల పారేశాను. ఫ్యూజన్నది భయపడేవాడికి. నేనుండగా కారుకి ఫ్యూజెందుకు, నేనే ఫ్యూజు అన్నాను."

టైలర్ పకపకా నవ్వాడు. బామ్మర్ది కళ్లు బల్ల మీదున్న పనిముట్ల సంచి మీద పడ్డాయి. పట్టకారు, టేపు చుట్ట, వైరు ముక్కల మధ్య ఒక ప్లాస్టిక్ కవరు. ఆకుపచ్చ అట్ట, దానికి పిన్ను కొట్టిన చోటు కూడా ఊడలేదు. లోపల అద్దంలాంటి చిన్న పెట్టె, ఆ పెట్టెలో ఫ్యూజు. ఆ అట్ట అతనికి బాగా తెలుసు. వైర్ల సెట్టు కొన్నది తనే. దుకాణంలో కౌంటరు మీద పెట్టి ఒక్కొక్కటీ లెక్క చూసుకుని తెచ్చాడు.

కవరు చేతిలోకి తీసుకున్నాడు. బావ అది చూశాడు. చూసి చూపు పక్కకి తిప్పేసుకున్నాడు. గొంతు మాత్రం ఒక మెట్టు పైకెక్కింది.

"ఇక అప్పుడు చూడాలి తమాషా. ఫ్యూజు లేదు, అడ్డం లేదు, ఎర్ర వైరు నిజంగానే ఎర్రబడింది. కొలిమిలో పెట్టిన ఇనప చువ్వలా అన్నమాట. కాంట్రాక్టరు డ్రైవరు దాని మీద నీళ్లు కాచుకుని గడ్డం గీసుకున్నాడు. వాళ్లావిడ రొట్టె కాల్చింది."

"బావా."

"ఉండు. కారు ఆపండి ఆపండి అని జనం. ఆపాం. తాళం తీసి జేబులో వేసుకున్నాం. అయినా ఆగుతుందా? ఆగదు. ఆ వైరు తాళం మాట వినదు, దానికి నేరుగా బ్యాటరీతోనే చుట్టరికం. ఇంజను చచ్చినా వైరు బతికే ఉంటుంది."

కథలో ఆ ఒక్క ముక్క మాత్రం అబద్ధం కాదని బామ్మర్దికి వెంటనే తెలిసిపోయింది. ఏళ్ల తరబడి కారు నడుపుతున్నవాడు, ఆ మాత్రం తెలుసు. టీ గ్లాసు కింద పెట్టి ఫోను తీశాడు. అక్క నంబరు నొక్కాడు. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. కారు నడిపేటప్పుడు అక్క ఫోను ఎత్తదు. ఎత్తకూడదని నేర్పింది తనే. మళ్లీ నొక్కాడు.

బావ లేచి నిలబడ్డాడు. చెమట పట్టిన నుదురు మోచేత్తో తుడుచుకుని ఇంకా పైకెళ్లిపోయాడు. "అప్పుడు నేనేం చేశాను? రెండు చేతులా ఆ వైరు పట్టుకున్నాను. కరెంటు ఈ చేత్తో వచ్చి ఈ చేత్తో పోతోంది. నా పళ్లు మెరుస్తుంటే ఆ వెలుగులో పిల్లలు పాఠాలు చదువుకున్నారు. పాట ఆగలేదు, ఇంజను ఆగింది కదా, అయినా పాట ఊపుకే కారు కదిలింది. కదిలి గుట్టెక్కింది, గుట్ట దిగింది, వంతెన మీదికొచ్చింది. డుమ్మనేసరికి కింద నది ఆగింది. చేపలన్నీ తలలు పైకెత్తి ఎవర్రా అని చూశాయి. అప్పుడే ఆకాశంలో ఒక మెరుపు కిందికి దిగబోయి, నన్ను చూసి, ఇక్కడ మనకన్నా పెద్దాయన ఉన్నాడని..."

"బావా, నా కారులో ఫ్యూజు పెట్టావా?"

"ఎవరికిరా ఫోను, కథ మధ్యలో?"

"పెట్టావా లేదా?"

"నీ కారుకేం వచ్చింది? నేను లాగిన వైరు అది. నేను వైరు లాగానంటే..."

"పెట్టావా?"

అతని గొంతు పెద్దగా లేదు. కానీ టైలర్ చొక్కా ఒళ్లో పెట్టుకుని తలెత్తాడు. పిన్ని గరిటె ఆపింది.

"రేపు పెడదామనుకున్నాను" అన్నాడు బావ. "దాని మూత సరిగ్గా పట్టలేదు, చీకటి పడుతోంది, ఒక్క రోజుకేమవుతుందిలే అని. కారు షెడ్డులోనే ఉందిగా."

"షెడ్డులో లేదు. అక్క నడుపుతోంది. పక్కన అమ్మ ఉంది. అక్క ఫోనెత్తడం లేదు."

మెరుపుని వెనక్కి పంపడానికి లేచిన బావ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఎవరో అడిగినట్టు, ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఇంజనుకీ సీట్లకీ మధ్య రేకు గోడకి కన్నం పెట్టిన చోట రబ్బరు రింగు కూడా వెయ్యలేదురా. వైరు రేకు అంచు మీదే ఉంది."

టైలర్ జేబులోంచి స్కూటరు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. బావ సంచిలో చెయ్యి పెట్టి స్పానరు కోసం కెలుకుతుంటే సామానంతా నేల మీద పడింది.

బామ్మర్ది స్కూటరు తీశాడు. బావ వెనక ఎక్కాడు. అక్క సందుల్లోంచి రాదు, వెడల్పాటి రోడ్డే పట్టుకుంటుంది. ఆసుపత్రి నుంచి ఈపాటికి తిరుగుదారిలో ఉండాలి. అతను ఆ రోడ్డుకే తిప్పాడు. ఆఫీసులు వదిలే వేళ, బస్సుల వెనక బస్సులు. ఎదురుగా వచ్చే ప్రతి తెల్ల కారునీ చూస్తున్నాడు. ఏదీ తనది కాదు. సిగ్నలు పడింది. ముందున్న లారీ పొగ వదిలితే మెడ చాచి దాని అవతలికి చూశాడు.

బావతో ఇంత దూరం మాటల్లేకుండా ప్రయాణం చేసింది అతని ఎరుకలో లేదు. వెనకనుంచి ఒక్క గొణుగుడే వినబడుతోంది. చెవి పెట్టి విన్నాడు. "ముందు నెగెటివ్. నల్లది. ముందు బ్యాటరీ నెగెటివ్ తియ్యాలి." పరీక్షకి పోతూ పాఠం వల్లె వేసుకునే పిల్లాడిలా ఆ మాటనే అంటున్నాడు.

సిగ్నలు దాటాక ఫోను మోగింది. బామ్మర్ది స్కూటరు పక్కకి లాగి ఎత్తాడు. అక్కే.

"తమ్ముడూ, కారులో పొగొస్తోంది. తాళం తీసేశాను, అయినా వస్తూనే ఉంది. అమ్మ బెల్టు ఊడిరావట్లేదు."

"ఎక్కడున్నావు?"

"పెట్రోలు బంకు దాటి, పరుపుల దుకాణం ముందు."

వెనకనుంచి బావ ఆ మాటలన్నీ విన్నాడు. అతని భుజం మీద వేసిన చెయ్యి బిగుసుకుంది.

పరుపుల దుకాణం దగ్గర జనం దూరంగా అర్ధచంద్రంలా నిలబడి ఉన్నారు. కారు రోడ్డు వారగా ఉంది. బానెట్టు అంచుల్లోంచి బూడిదరంగు పొగ పాకుతూ వస్తోంది. ఎడమ పక్క తలుపు తెరిచి అక్క సగం లోపలికి వంగి ఉంది. ముందు సీట్లో అమ్మ, ఒక కంటికి తెల్లటి కట్టు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పిల్లలు మందు తాగేటప్పుడు కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. సంచి పట్టీ బెల్టు కొక్కెంలో ఇరుక్కుపోయింది.

స్కూటరు ఆగీ ఆగకముందే బావ దూకేశాడు. బానెట్టు వైపు పోతాడనుకున్నాడు బామ్మర్ది. పోలేదు. పొగ పక్కనుంచే పరిగెత్తి అక్క దగ్గరికి పోయాడు. ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని ఇటు తిప్పాడు, చేతులు చూశాడు, మొహం చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"నాకేం కాలేదండీ" అంది అక్క. "ముందు దాన్ని ఆపండి."

అప్పుడు కదిలాడు. బామ్మర్ది అమ్మ దగ్గరికి దూరాడు. అతని తల డాష్‌బోర్డు కిందికి వంగేసరికి ఆ వాసన గుప్పున కొట్టింది, పొద్దుటి వాసనే, ఇప్పుడు పదింతలు. కాళ్ల దగ్గర కార్పెట్టు వేడిగా ఉంది. పట్టీ లాగాడు, రాలేదు. వెనక్కి నెట్టి లాగాడు, రాలేదు. "తొందరపడకు నాయనా, చెయ్యి తెగుతుంది" అంది అమ్మ. పళ్లతో పట్టీ కుట్టు కొరికి తెంపాడు. కొక్కెం టక్కుమంది. అమ్మని రెండు చేతులా ఎత్తి బయటికి తెచ్చి దుకాణం మెట్టు మీద కూర్చోబెట్టాడు.

తిరిగి చూస్తే బానెట్టు లేచి ఉంది. పొగలో బావ, పక్కనే అక్క. ఎర్ర వైరు మీది తొడుగు కారిపోయి, లోపల రాగి మిణుకుమంటోంది. బావ స్పానరు బ్యాటరీ నల్ల వైరు నట్టు మీద పెడుతున్నాడు, జారిపోతోంది. మళ్లీ పెడుతున్నాడు, జారిపోతోంది. ఎన్ని కార్లలో ఎన్ని నట్లు కళ్లు మూసుకుని విప్పిన చెయ్యి అది. అక్క తన చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. స్పానరు నట్టు మీద నిలబడింది. ఇద్దరి చేతులూ కలిసి ఒక తిప్పు తిప్పాయి, ఇంకో తిప్పు. నట్టు వదిలింది. బావ నల్ల వైరు పట్టి పైకి లాగి అవతలికి వంచేశాడు.

పొగ వెంటనే ఆగలేదు. కాసేపు అలాగే వచ్చి, సన్నబడి, చివరికి ఒక దారప్పోగులా మిగిలి, అదీ పోయింది. జనంలో ఎవరో నీళ్ల సీసా అందించారు. అక్క దాన్ని ముందు అమ్మకిచ్చింది.

బావ రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. అరచెయ్యి ఎర్రగా కమిలింది. బామ్మర్దికి తిట్టాలని ఉంది. దారంతా తిట్లు వెతికి పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడేసరికి ఒక్కటే మాట బయటికొచ్చింది.

"నిన్ను నమ్మి అక్కకి తాళాలిచ్చాను బావా."

"తెలుసు" అన్నాడు బావ. తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరూ పిలవకుండానే షెడ్డుకొచ్చాడు. కాలిన వైరంతా పీకేశాడు. రేకు కన్నంలో రబ్బరు రింగు వేసి కొత్త వైరు లాగాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, మూత పట్టిందో లేదో నాలుగుసార్లు నొక్కి చూశాడు. డిక్కీలో నల్ల వైరు బోల్టు విప్పితే దాని కింద పెయింటు అలాగే ఉంది. గీకాడు. గోరుతో కాదు, గరుకు కాగితంతో, రేకు తెల్లగా మెరిసేదాకా. కూత పోయింది. సౌండు కాస్త తగ్గించి పెడితే లైట్లూ కళ్లార్పడం మానాయి. చేసినంతసేపూ నోరు విప్పలేదు. బామ్మర్ది పక్కనే నిలబడి చూశాడు, కోపం పోలేదు గానీ, టీ తెప్పించి ఇచ్చాడు.

ఆ మౌనం ఎన్నాళ్లుంటుంది? అమ్మ కంటి కట్టు తీసిన రోజు బామ్మర్దే అమ్మనీ అక్కనీ కారులో తీసుకొస్తూ పిన్ని కొట్టు ముందు ఆపాడు. బల్ల దగ్గర టైలర్, ఇంకో ఇద్దరు. మధ్యలో బావ. అరచేతికి కట్టుంది, అది జెండాలా పైకెత్తి ఉంది.

"...స్కూటరు మీద పోతే లాభం లేదనిపించింది. దిగి పరిగెత్తాను. మావాడు స్కూటరు మీద నా వెనక వస్తున్నాడు, అందుకోలేకపోతున్నాడు. వెళ్లేసరికి మంట కొబ్బరిచెట్టంత. జనమంతా పారిపోతున్నారు. నేను తిన్నగా మంటలోకే పోయాను. ఎవరి కారనుకుంటున్నావు అన్నాను దాంతో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క ఊపిరి పీల్చాను. పొగంతా నా లోపలికి..."

"అల్లుడుగారూ" అంది అమ్మ.

ఆవిడ నెమ్మదిగా కారు దిగి, అక్క చెయ్యి పట్టుకుని వచ్చి బల్ల చివర కూర్చుంది. బావ అత్తగారిని చూసి కాలు దించి సర్దుకున్నాడు.

"మీరు వచ్చీ రాగానే మా అమ్మాయిని పట్టుకుని ఏడ్చారు. ఆ ముక్క చెప్పలేదేం?"

టైలర్ బావ వైపు చూశాడు. బావ కట్టు ఉన్న చెయ్యి కిందికి దించాడు.

"అది ఏడుపు కాదత్తయ్యా. పొగ. కళ్లలోకి పోయింది."

"గాలి అవతలికి కొట్టింది నాయనా. పొగంతా రోడ్డు వైపు పోయింది" అంది అమ్మ, తప్పు దిద్దినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "నేను చూస్తూనే ఉన్నాను."

బావ నోరు తెరిచాడు. ఏదో ఒకటి దొరుకుతుందని అందరూ ఎదురుచూశారు. ఏమీ దొరకలేదు. అక్క ఆయన పక్కన కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, ఊడిపోతున్న చేతి కట్టు అంచు పట్టి బిగించి కట్టడం మొదలెట్టింది.